ఫోర్ట్ కొచ్చిల కాప్పిరి గోడ

కేరళల కొచ్చి అని పాత రేవు పట్నం ఉన్నది. ఆ పట్నంల ఫోర్ట్ కొచ్చి అనే పాత బస్తీల ఒక గోడ ఉన్నది. ఒకప్పుడు మిరియాలు నింపిన గోదాం గోడ. కప్పు ఎన్నడో కూలింది, తలుపులు ఎవలో ఎత్తుకపోయిండ్లు. గోడ ఒక్కటే నిలవడ్డది... మనిషికి రెండింతల ఎత్తు, పాకురు పట్టి, పైన గడ్డి మొలిచి.

పొద్దు గూకిందంటే ఆ గోడ పక్కపొంటి ఎవలు నడువరు. సుట్టు తిరిగైనా వేరే గల్లీల పోతరు. ఎందుకని అడిగితే ముందుగాల చెప్పరు. చెప్పేటోళ్లు గూడ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గిచ్చి చెప్తరు...

చీకటి పడ్డంక ఆ గోడ మీద ఎవలో కూసుంటరట. ఒక్కలే. సుట్ట తాగుకుంట.

కొచ్చి గోడ ముచ్చట తెలంగాణ దిక్కు కోరుట్లల ఎట్ల ఎరుకైందంటే, ఆ గోడ కాడ భయపడ్డది కోరుట్ల మనిషే. విన్నది విన్నట్టు చెప్పుకుంటే గిట్లుంటది.

ఆయన పేరు బాలరాజు. సొంతూరు కథలాపూర్. కోరుట్లల ఓ సర్కారు ఆఫీసుల గుమస్త. రెండువేల పదకొండుల సకల జనుల సమ్మె నడుస్తున్న దినాలవి. ఆఫీసులకు తాళాలు, బడులకు తాళాలు, బస్సులు డిపోలల్లనే. బొగ్గు బాయిల పని ఆగి, కరెంటు వచ్చుడు పోవుడు దాని ఇష్టమైంది. బస్టాండు కాడ టెంటు వేసిండ్లు. బాలరాజు ఆ టెంటుల నిష్టగ కూసున్నడు. తెలంగాణ రావాలె అన్న దాంట్ల ఆయనకు ఇంత అనుమానం లేదు. తిప్పలొచ్చింది ఇంట్ల.

ఆయన భార్య సరోజన పుట్టి బుద్ధెరిగిన సంది సముద్రం చూడలేదు. దసరా అయినంక కొచ్చి పోదామని, సమ్మె మొదలుగాక ముందే రైలు టికెట్లు తీసి పెట్టింది. సమ్మె అయినంక పోదామని బాలరాజు అన్నడు. సమ్మె ఎప్పుడైపోతదో చెప్పుమన్నది. రాష్ట్రం నీదైతే సముద్రం నాదని ఆమె బ్యాగు సదురుకున్నది.

టెంటుల మాత్రం ఒక మాట గట్టిగ నడుస్తుండె. ఉద్యోగుల జేఏసీ, అందరు జాక్ అంటరు, దాని పెద్ద రామస్వామి సారు మైకుల చెప్పిండు — సమ్మె నడువంగ టెంటు ఇడిచి పోయినోడు తెలంగాణ ద్రోహి అని. ఆ మాట అన్న నాలుగొద్దులకు సారే కనవడకుండ పోయిండు. పోలీసులు పట్టుకుంటరని అండర్‌గ్రౌండ్‌కు పోయిండన్నరు. సారు ఫోటో పెద్దగ చేపిచ్చి టెంటుల కట్టిండ్లు. పోలీసులు ఆయనను వెతుకుతున్న సంగతి ఒక్క పోలీసులకే తెల్వకుండె.

బాలరాజు ఏం చేసిండంటే, సిరిసిల్లల మా అత్తకు పాణం బాగలేదని చెప్పిండు. నిమ్మలంగ బీడీలు చుట్టుకుంటున్న అత్తను మంచం ఎక్కిచ్చి, వరంగల్ల రైలెక్కిండు.

ఊరి బయట ఉన్నోళ్లు దినాం పొద్దు గూకంగ టెంటుకు ఫోన్ చేసి చెప్పాలె. ఆఫీసుల హాజరు బంద్ పెట్టినోళ్లకు టెంటుల హాజరు మొదలైంది. ఆ ఫోన్ ఎత్తేది శంకరవ్వ. కూలి నాలి చేసుకొని బతికే ముసలామె. సమ్మె మొదలైన కాడి నుంచి టెంటుల అందరికి వండి పెడుతున్నది.

*

కొచ్చిల దిగంగనే ఆంటోనీ అనే ఆటో ఆయన దొరికిండు. తలకాయ నెరిసిన మనిషి. ఆయన వచ్చీరాని హిందీ, బాలరాజు కోరుట్ల ఉర్దూ మంచిగనే కలిసినయి. పట్నమంత ఆయనే తిప్పిండు.

ముందుగాల చైనా వలలు. ఒడ్డు పొంటి పెద్ద పెద్ద వాసాలకు కట్టిన వలలు, అటు దిక్కు రాళ్లు ఏలాడుతుంటే ఇటు దిక్కు మనుషులు తాళ్లు గుంజుతరు. ఇంత పెద్ద వల నీళ్లల్ల నుంచి లేసింది. అండ్ల పిడికెడు చేపలు. మా జాక్ మీటింగు లెక్కనే ఉన్నదని బాలరాజు అనుకున్నడు.

తర్వాత పాత చర్చి. వాస్కో డ గామను బొంద పెట్టింది ఈడనే అన్నడు ఆంటోనీ. బాలరాజు చెప్పులిడిచి దండం పెట్టినంక, మనిషిని ఎన్నడో తీసి వాళ్ల దేశం తీస్కపోయిండ్లని చెప్పిండు. మనిషి లేడు, బోర్డున్నది. దాని ముంగట ఫోటో దిగుతందుకు లైను గూడ ఉన్నది.

మట్టంచేరిల డచ్ ప్యాలెస్. కట్టింది పోర్చుగీసోళ్లు. ఉన్నది రాజు. పేరు డచ్చోళ్లది. కట్టిందెవలు, ఏలిందెవలు, పేరెవలిది... బాలరాజుకు హైదరాబాద్ పంచాది యాదికొచ్చి అక్కడనే ఉపన్యాసం ఎత్తుకున్నడు. సరోజన కొంగు నోటికి అడ్డం పెట్టుకొని గోడల మీది రామాయణం బొమ్మలు చూసుకుంట ముంగటికి పోయింది. యూదుల గుడిల కింద పరిచిన నీలి పెంకులు ఒకదాని లెక్క ఒకటి ఉండవంటే, ఆమె వంగి వంగి ఒక్కొక్కటి చూసింది. బాలరాజు గడియారం చూసిండు.

మర్లి వస్తుంటే ఆ గోడ కాడ ఆంటోనీ ఆటో ఆపిండు. గోడ మొదట్ల ఎవలో ఒక సుట్ట, ఇంత కల్లు పెట్టిపోయిండ్లు.

వెనుకటికి పోర్చుగీసోళ్లు ఆఫ్రికా మనుషులను కొని, ఓడలల్ల ఏసుకొచ్చి బానిసలుగ పెట్టుకున్నరట. వాళ్లనే ఈడి జనం కాప్పిరి అంటరు. డచ్చోళ్లు దండెత్తి వచ్చేసరికి సొమ్మంత ఎత్తుకపోయే తీరిక లేకపాయె. గోడలల్ల దాసి, దానికి కావలి ఉండాలని ఒక కాప్పిరిని సంపి, సొమ్ముతోటి పెట్టి గోడ కట్టిండ్లట. మేం మర్లి వస్తం, అప్పటిదాక చూసుకో అని చెప్పి ఓడ ఎక్కిండ్లట.

"సొమ్ముగల్లోడు రాలేదు," అన్నడు ఆంటోనీ. "కావలోడు పోలేదు."

బాలరాజు నవ్విండు. పింఛను లేని నౌకరి అన్నడు.

సరోజన నవ్వలేదు. ఆయన పేరేందో అడుగుమన్నది. ఆంటోనీ తల అడ్డం ఊపిండు. ఎవలకు తెల్వదట. పేరు అడిగినోళ్లు గూడ లేరట.

*

హాజరు ఫోనుతోటే పరేషాన్ అయింది. మొదటి దినం వలల కాడ నిలవడి చేసిండు. మాట నడుమల ఓడ కూత పెట్టింది. గదేం సప్పుడని శంకరవ్వ అడిగింది. సిరిసిల్లల బట్ట నేసే సాంచల సప్పుడని చెప్పిండు. కరెంటు లేకుండ సాంచలు ఎట్ల నడుస్తున్నయని ఆమె అడిగింది. జనరేటర్ పెట్టిండ్లన్నడు. ఫోన్ పెట్టేసరికి అంగి తడిసిపోయింది.

రెండో దినం సప్పుడు లేని జాగ వెతికిండు. ఒడ్డు పొంటి అలలు. బజార్ల మలయాళం పాటలు. లాడ్జిల గోడ అవుతల పిల్లల లొల్లి. తిరిగీ తిరిగీ చూస్తే... పట్నం మొత్తంల మనిషి అలికిడి లేనిది ఒక్కటే గల్లీ.

అప్పటికి చీకటి పడ్డది. ఊరింక నిద్రపోలేదు. అవుతలి బజార్ల దుకాణాలు వెలుగుతనే ఉన్నయి. ఆ వెలుగు గల్లీ మూల దాక వచ్చి ఆగింది. బాలరాజు మూల దాటిండు.

ఒక్కపారే సప్పుడంత తెగిపోయినట్టయింది.

నెంబర్ కొట్టిండు. ఎంగేజ్. మల్ల కొట్టిండు... ఎంగేజ్. ఇంకో నాలుగడుగులు ముంగటికి వేసిండు. అప్పుడు ఘాటుగ వాసనొచ్చింది. పొగ వాసన.

తల ఎత్తిండు.

గోడ మీద — ఎర్రగ ఒక చుక్క. వెలిగింది... మెల్లగ సల్లారింది... మల్ల వెలిగింది. వెలిగినప్పుడల్ల ఒక టోపీ అంచు, ఒక మోకాలు కనవడ్డయి. ఎవలో కాళ్లు ఏలాడేసుకొని కూసున్నరు.

బాలరాజుకు ఉరుకుదామంటే వశమైతలేదు. అంతట్ల గోడ కింద నుంచి, గోడల నుంచే వచ్చినట్టు, ఒక గొంతు... గుసగుస...

"అంత చీకటే... మనుషులు లేరు... అన్నం తిని ఎన్ని దినాలైందో... నా పాణం పోయినా మంచిదే... నన్ను మాత్రం మరువకుండ్రి..."

తెలుగుల. అచ్చం కోరుట్ల మాట.

సచ్చినోళ్లకు అన్ని భాషలు వస్తయని ఎన్నడో విన్నది యాదికొచ్చింది. ఆంజనేయస్వామిని తలుసుకుందామని నోరు తెరిస్తే కొండగట్టు అన్న మాటనే రాలేదు. టెంటుల కూసోని కూసోని, ఇని ఇని, చెవులల్ల నిండిన మాటలే బయటికొచ్చినయి. చేతులు జోడిచ్చి, గోడ మీది ఎర్ర చుక్కను చూసుకుంట మొదలువెట్టిండు.

"అయ్యా... మేం సమ్మెల ఉన్నోళ్లం. మీ సొమ్ము కోసం రాలేదు. ఆఫీసులు బంద్ పెట్టినం... బస్సులు బంద్ పెట్టినం..."

చుక్క కదలలేదు. గుసగుస గూడ ఆగింది.

ఆగుడుతోటి బాలరాజుకు ఇంకింత భయమైంది. నోరు ఆపితే మీద పడతడేమో అనిపిచ్చింది. మాట్లాడుకుంటనే ఉన్నడు. మాట్లాడంగ మాట్లాడంగ, ఎందుకో తాత యాదికొచ్చిండు. బాలరాజు తాత ఒక దొర గడీల, కోట అసొంటి ఇంట్ల, జీతముండె. రాత్రి గడి తలుపుకు అడ్డం పండుకునేటోడు. దొర పట్నంల మేడ కట్టుకొని పోయిండు. గడీల గబ్బిలాలు చేరినయి. తాత మాత్రం పొద్దు గూకంగనే గొంగడి ఏసుకొని పోయి ఆ తలుపుకే అడ్డం పండుకున్నడు, పాణం పోయేదాక. దొర ఇగ రాడని ఎంత చెప్పినా ఇనలేదు.

బాలరాజు గొంతు మారింది. అది టెంటు ఉపన్యాసం గాదు ఇప్పుడు.

"ఎవల సొమ్ముకు కావలి ఉన్నవ్ తాతా?" అన్నడు. "నిన్ను సంపినోని సొమ్ముకు. వాడు రాడు. వాని పిల్లల పిల్లలు గూడ రారు. ఇగ సాలు... దిగు. మా లెక్క సమ్మె చెయ్. సమ్మె అంటే ఏం లేదు, రేపు పనికి రాను అనుడే. సమ్మె. గంతే. సమ్మె..."

గోడ మీద చుక్క ఒక్కపారి బగ్గున వెలిగి... ఆరిపోయింది.

గోడ కింద చీకట్ల గడ్డి కదిలింది. ఒక ఆకారం లేసింది. రెండు చేతులు పైకెత్తి, వంగి వంగి బాలరాజు దిక్కే వస్తున్నది. తలకాయకు మంకీ క్యాపు.

"కొట్టకుండ్రి సార్," అన్నదది. "నేనే వస్త. వేన్ ఎక్కుత."

బాలరాజు చేతుల ఫోన్ కింద పడ్డది. పడ్డ ఫోన్ వెలుగుల మంకీ క్యాపు కింది మూతి కనవడ్డది. టెంటుల ఇంత పెద్దగ కట్టిన ఫోటోల దినాం చూసిన మూతి.

రామస్వామి సారు.

సముద్రం గాలి పెండ్లాంకు మంచిదని డాక్టర్ చెప్పిండని సారు అన్నడు. పగటిపూట ఎవలన్న తెలుగోళ్లు గుర్తువడతరని లాడ్జిలనే ఉండి, చీకటి పడ్డంక బయటికొస్తున్నడు. శంకరవ్వకు ఫోన్ చేస్తందుకు ఆయనకు గూడ సప్పుడు లేని గల్లీ కావలసి వచ్చింది. ఫోన్ల ఉండంగనే అవుతల ఎవలో కోరుట్ల మాటతోటి సమ్మె, సమ్మె అంటుంటే, మన పోలీసోళ్లు ఈడిదాక వచ్చిండ్లనుకున్నడు. అన్నం తినక ఎన్ని దినాలైందో అన్న మనిషి చంకల, అరటాకుల కట్టిన చేపల పొట్లం ఉన్నది. ఇంకా వేడిగనే ఉన్నది.

ద్రోహి అన్న మాట ఇద్దరి నడుమల తిరిగింది గని ఎవలూ అనలేదు. గోడ దిక్కు తిరిగి చూడకుండ బాలరాజోళ్ల లాడ్జికి నడిచిండ్లు.

అక్కడికి పోయేసరికి వరండల సరోజన, సారు భార్య సత్యవ్వ పక్కపక్కన కూసోని ఎండు రొయ్యలు పంచుకుంటున్నరు. టికెట్లు ఇద్దరు ఒక్కనాడే తీసుకున్నరట. ఒకే రైల్ల వేరే వేరే డబ్బాలల్ల వచ్చిండ్లట. మొగోళ్లు ఒకలకొకలు భయపడతరు, ఒక్కకాడ కూసోపెడితే సముద్రం ఎవలనూ చూడనియ్యరని చెప్పలేదట.

*

మర్లొచ్చేటప్పుడు నలుగురు ఒక్క డబ్బాలనే ఎక్కిండ్లు. డోర్నకల్ దాటినంక ఒక చిన్న స్టేషన్ల రైలు నిలవడ్డది. ఇంకా పొద్దు గూకలేదు. కిటికీల నుంచి చూస్తే పట్టాల మీద జెండాలు, డప్పులు, పడుసు పిల్లలు. రైలు రోకో.

రైలు రోకోకు పిలుపిచ్చిన కాగితం మీద రామస్వామి సారు సంతకం గూడ ఉన్నది. అండర్‌గ్రౌండ్‌కు పోయే ముందు పెట్టిన సంతకం. ఇప్పుడు ఆయన కింది బెర్తు మీద, ఏలకుల సంచి ఒళ్లె పెట్టుకొని కూసున్నడు. పిల్లలు డబ్బాలెక్కి ఒక్కొక్కలను ఎక్కడి నుంచి వస్తున్నరని అడుగుతున్నరు. సారు బాత్రూం దిక్కు లేసిండు.

సరోజన ఆపింది.

"అటు గాదు సారు, ఇటు దిగుండ్రి," అన్నది. "దిగి పట్టాల మీద కూసోండ్రి. ఎక్కడి నుంచి వచ్చిండ్లని పట్టాల మీద కూసున్నోళ్లను ఎవలడుగుతరు?"

మొగోళ్లిద్దరు అవుతలి దిక్కు నుంచి దూకి, ఇంజన్ ముంగటికి పోయి కూసున్నరు. కూసున్నంక సారుకు గొంతు లేసింది. ఆ గొంతు ఎప్పుడూ దగా చేయలేదు ఆయనను. జై తెలంగాణ అని ఎత్తుకున్నడంటే పడుసు పిల్లలు గూడ ఎనుకవడ్డరు. పోలీసులు వచ్చి ముందుగాల ఎత్తుకపోయింది ఆయననే. బాలరాజును కాళ్లు చేతులు పట్టి వేన్ల ఏసిండ్లు. ఆ రాత్రి ఒక ఫంక్షన్ హాల్ల ఉంచి, తెల్లారి ఇడిచిపెట్టిండ్లు.

పేపర్ల పడ్డది. అండర్‌గ్రౌండ్ నుంచి సక్కగ పట్టాల మీదికి... కోరుట్లల పటాకులు కాల్చిండ్లు.

ఇద్దరు కోరుట్లల దిగేసరికి బస్టాండు ముంగట నడి రోడ్డు మీద వంటా వార్పు నడుస్తున్నది. కరెంటు లేదు. పొయ్యిల మంటలే వెలుగు. పూలదండలు ఏసిండ్లు. సారు మైకు పట్టుకొని అడివి, ఆకలి, చీకటి అని చెప్పిండు. పక్కన నిలవడ్డోళ్లకు ఆయన అంగిల నుంచి గుప్పున ఏలకుల వాసనొస్తున్నది. అడివిల ఏం మందు ఆకులు తిని బతికిండో పాపమని ఒకాయన కండ్లు తుడుసుకున్నడు.

శంకరవ్వ విస్తరి తెచ్చి సారు ముంగట పెట్టింది. గుట్ట లెక్క అన్నం పోసింది. ఫోన్ల ఆయన గొంతు ఇన్న రాత్రి సంది తనకు బువ్వ సయించలేదని చెప్పింది. తిను సారు, కడుపు నిండ తిను అని ఎదురుంగ కూసున్నది. రామస్వామి సారు ముద్ద కలిపిండు గని నోట్లకు ఎత్తలేకపోయిండు. మైకు ముంగట ఎన్నడూ తడవని కండ్లు అప్పుడు తడిసినయి. అది చూసి జనం ఇంకింత గట్టిగ జై కొట్టిండ్లు.

ఆ లొల్లిల బాలరాజు సారు చెవి దగ్గరికి వంగిండు. అన్ని దినాల సంది అడుగుదామని అడుగకుండ ఆపుకున్న మాట అడిగిండు.

"సార్... ఆ రాత్రి గోడ మీద కూసోని సుట్ట తాగింది మీరే గదా?"

సారు చెయ్యి విస్తరిలనే ఆగింది.

"నేను గోడ కింద ఉన్న," అన్నడు మెల్లగ. "నాకు సుట్ట అలవాటే లేదు. గోడ మీద ఎవలున్నరు?"

శంకరవ్వ ఇంకో విస్తరిల అన్నం పెట్టుకొని లేసి నిలవడ్డది. ఎవలికవ్వా అని బాలరాజు అడిగిండు.

"మీ ఎంబడి దిగినాయనకే," అన్నది ఆమె. "పొడుగుంటడు, టోపీ పెట్టుకున్నడు. మీరు బండి దిగిన కాడి సంది గా బస్టాండు గోడ మొదట్ల కింద కూసున్నడు. పైన కూసో కొడుకా, కింద బురద ఉన్నదంటే సేతులు అడ్డం ఊపుతున్నడు. ఏ ఊరో, ఏం పేరో... మాట మనది గాదు."

గోడ కింద చీకట్ల ఎర్రగ ఒక చుక్క వెలిగింది.

"ఏం పని చేస్తవని అడిగిన," అన్నది శంకరవ్వ, విస్తరి పట్టుకొని అటు నడుసుకుంట. "ఒక్క మాటనే వచ్చినట్టున్నది పాపం. సమ్మె అన్నడు."